మత్తు వ్యసనం నుంచి కోలుకుని డ్యూటీకి వచ్చిన నర్సు: పర్యవేక్షించేవారు అంచెలంచెలుగా చేయాల్సిన పనులు

ఆ రోజు ఉదయం నార్కోటిక్ రిజిస్టర్‌లో (మత్తు కలిగించే మందుల లెక్కల పుస్తకం) ఫెంటనిల్ అనే బలమైన నొప్పి మందు ఆంప్యూల్ ఒకటి తక్కువ వచ్చింది. రెండుసార్లు లెక్క చూశాం. మూడోసారి చూస్తుండగానే అందరి కళ్లూ ఒకరి మీదికి తిరిగాయి. చికిత్స తీసుకుని రెండు నెలల క్రితమే డ్యూటీలో చేరిన నర్సు ఆమె. ఎవరూ నోరు తెరిచి ఏమీ అనలేదు. ఆమె మాత్రం చేతిలోని బీపీ కఫ్‌ను అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

నిజానికి ఆ పూట ఆమెను కాపాడింది ఒక కాగితం. ఆమెకు తాళాలు ఇవ్వకూడదని చేరిన రోజే రాసుకున్నాం. రాత్రంతా తాళాలు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారాయో సంతకాలతో సహా ఉంది. ఆమె పేరు ఎక్కడా లేదు. గంట తర్వాత సంగతి తేలింది: థియేటర్‌కి అప్పుగా ఇచ్చిన ఆంప్యూల్‌ను రిజిస్టర్‌లో ఎక్కించడం మరిచిపోయారు. మరిచిపోయింది వార్డులో అందరికంటే సీనియర్.

కోలుకుంటున్న నర్సును నమ్మాలా వద్దా అని సూపర్‌వైజర్లు తెగ మథనపడతారు. నేనూ పడ్డాను. ఆ ప్రశ్న పక్కన పెట్టి, ఎవరి నమ్మకంతోనూ పని లేకుండా డ్యూటీ సాగే ఏర్పాటు చేయండి. అది రోగిని కాపాడుతుంది, ఆమెనూ కాపాడుతుంది. ఆ ఏర్పాటు ఎలాగో కింద రాస్తున్నాను. నర్సుల్లో మగవారూ ఉన్నారు, రాయడానికి వీలుగా 'ఆమె' అంటున్నాను.

1. ముందు జబ్బును జబ్బుగా చూడండి

తెలుగులో 'మందు' అనే ఒక్క మాటే రోగికి ఇచ్చేదానికీ, సీసాలోంచి తాగేదానికీ సరిపోతుంది. నర్సు చేతిలో ఆ రెండు అర్థాలూ కలిసిపోయే ప్రమాదం మిగతావాళ్ల కంటే ఎక్కువ. ఇంజెక్షన్లు చేతికందే దూరంలో ఉంటాయి. రోగులను ఎత్తీ దించీ నడుం పోతుంది. షిఫ్టులతో నిద్ర చెడుతుంది. వీటికి తోడు, డోసు నాకు తెలుసు, నా అదుపులోనే ఉంటుంది అన్న ధీమా. నాకు తెలిసిన ఒకరి కథ, పారబోయాల్సిన సగం ఆంప్యూల్‌ను నడుం నొప్పికి వాడుకోవడంతో మొదలైంది.

2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 (మానసిక జబ్బుల నిర్ధారణకు డాక్టర్లు వాడే పుస్తకం) ప్రకారం ఈ జబ్బుకు, అంటే మత్తు వ్యసనానికి, 11 లక్షణాలు ఉన్నాయి. 12 నెలల వ్యవధిలో వాటిలో కనీసం 2 కనిపిస్తే జబ్బు ఉన్నట్టు, 6 లేదా అంతకు మించితే తీవ్రంగా ఉన్నట్టు. అయితే ఈ లెక్క డాక్టరుకే వదిలేయండి. ఆమె ఎందుకు మొదలుపెట్టింది, ఇంట్లో ఏం గొడవలు, ఇవి మీరు అడగాల్సినవి కావు. మీరు చూడాల్సింది డ్యూటీలో ఆమె పని.

ఇంకొక్కటి ముందే మనసులో పెట్టుకోండి. చికిత్స తర్వాత 40 నుంచి 60 శాతం మంది ఏదో ఒక దశలో మళ్లీ వాడతారని తరచూ చెప్పే అంచనా. బీపీ, ఉబ్బసం ఉన్నవాళ్లలో జబ్బు తిరగబెట్టే రేటు దీనికంటే తక్కువేం కాదు. మళ్లీ వాడితే ఏం చేయాలో మొదటి రోజే రాసి పెట్టుకోమని నేను చెప్పేది అందుకే.

2. చేరకముందే కాగితాలు పూర్తి చేయండి

"సోమవారం నుంచి వస్తుంది, కాస్త చూసుకోండి" అని ఫోన్‌లో చెబితే ఒప్పుకోకండి. ఆ 'కాస్త చూసుకోవడం' అంటే ఏమిటో ఎవరికీ తెలియదు.

మొదట కావాల్సింది, పనికి తగిన స్థితిలో ఉందని చికిత్స చేసిన డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్. ఇక లైసెన్స్ మీద నర్సింగ్ కౌన్సిల్ లేదా బోర్డు ఏవైనా షరతులు పెట్టిందేమో చూడాలి. కొన్ని చోట్ల ఇలాంటి నర్సుల కోసం ప్రత్యేకంగా మానిటరింగ్ కార్యక్రమాలు ఉంటాయి. అమెరికాలో 1982లో నర్సుల సంఘం ఈ విషయంలో శిక్ష కంటే చికిత్సకే మొగ్గు చూపుతూ తీర్మానం చేసింది. మరుసటి ఏడాది ఫ్లోరిడాలో అలాంటి కార్యక్రమం మొదలైంది, తర్వాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. 7,000 మందికి పైగా నర్సుల రికార్డులతో 2020లో ప్రచురితమైన ఒక విశ్లేషణలో, కార్యక్రమం 5 ఏళ్లు సాగిన చోట, నర్సు రోజూ హాజరు చెప్పుకునే చోట, నెలకు కనీసం రెండు పరీక్షలు జరిగే చోట ఎక్కువ మంది దాన్ని విజయవంతంగా పూర్తి చేశారని తేలింది. మీ దగ్గర అలాంటి కార్యక్రమమే లేకపోతే ఆక్యుపేషనల్ హెల్త్ డాక్టరు, చికిత్స చేస్తున్న డాక్టరు, హెచ్ఆర్, మీరు కలిసి సొంతంగా ఒకటి తయారు చేసుకోవాలి. ఆరు నెలలు చూసి వదిలేద్దాం అనుకోకండి.

ఇక ఒప్పంద పత్రం. మొత్తం వ్యవహారానికి ఇదే వెన్నెముక కాబట్టి తొందరపడకండి. ఏ వార్డులో, ఏ షిఫ్టులో, వారానికి ఎన్ని గంటలు. ఏ మందులు ముట్టుకోకూడదు. పరీక్షలు ఎవరు చేయిస్తారు, రిపోర్టు ఎవరి దగ్గరికి వెళ్తుంది. కౌన్సెలింగ్‌కి, సపోర్ట్ గ్రూప్‌కి వెళ్లే వేళల్లో డ్యూటీ ఎలా సర్దుతారు. పరీక్షకు రాకపోతే ఏమవుతుంది, పాజిటివ్ వస్తే ఏమవుతుంది. ఏ తేదీన ఈ షరతులను మళ్లీ పరిశీలిస్తారు. ఒక్కో వాక్యం చదివి, "ఇది పాటించగలవా అమ్మా?" అని అడగండి. ఒకామె నాతో, "మేడమ్, పరీక్ష కబురు ఉదయం ఏడింటికి వస్తే ఆ టైముకి పిల్లను బడికి దింపుతుంటాను" అంది. ఆ మాట ముందే బయటపడింది కాబట్టి శాంపిల్ ఇవ్వడానికి గడువు పది గంటల వరకు పెట్టుకున్నాం. లేకపోతే మొదటి నెలలోనే 'పరీక్షకు రాలేదు' అని ఎర్ర సిరాతో ఒక గీత పడేది.

జబ్బు వివరాలు, కౌన్సెలింగ్‌లో మాట్లాడినవి మీ ఫైల్లో ఉండకూడదు. మీకు పని మీద పెట్టిన పరిమితులు తెలిస్తే చాలు.

3. పర్యవేక్షణ ఎవరికి అప్పగించాలి

స్నేహితురాలికి వద్దు. ఆమె కింద పనిచేసే జూనియర్‌కి అసలే వద్దు. తానే ఇంకో మానిటరింగ్‌లో ఉన్నవారికీ వద్దు. అదే షిఫ్టులో అదే వార్డులో కళ్లెదురుగా ఉండే, ఈ జబ్బు గురించి కొంత శిక్షణ పొందిన సీనియర్ నర్సు కావాలి. సెలవులు వస్తాయి కాబట్టి ఇంకొకరిని కూడా తయారుగా ఉంచండి. ఇద్దరూ లేని రోజున ఆమె డ్యూటీ మార్చాలి తప్ప, 'ఒక్క రోజే కదా' అనుకోకూడదు.

ఇందులో ఒక చిక్కుంది. పర్యవేక్షించే వ్యక్తే కౌన్సెలర్ అవతారం ఎత్తితే రెండు పనులూ చెడతాయి. మనసులో మాట చెప్పుకున్నందుకు రిపోర్టు రాస్తారేమో అని ఆమెకు భయం. అన్నీ విన్నాక రిపోర్టు రాయడానికి మీకు మొహమాటం. ఏడిస్తే మంచినీళ్లు ఇవ్వండి, కాసేపు కూర్చోండి, తర్వాత కౌన్సెలర్‌కి ఫోన్ కలపండి.

4. వార్డు, షిఫ్టు

మొదటి 6 నుంచి 12 నెలలు పగటి డ్యూటీ, ఒకే వార్డు, ఓవర్‌టైమ్ లేకుండా. థియేటర్, ఐసీయూ, క్యాజువాల్టీ లాంటి, ఓపియాయిడ్లు (మార్ఫిన్, ఫెంటనిల్ లాంటి నొప్పి మందులు) ఎక్కువగా వాడే చోట్లు వద్దు. ఒంటరిగా రోగి ఇంటికి వెళ్లి చేసే పనులు, రోజుకో వార్డు మారే ఫ్లోటింగ్, ఏజెన్సీ డ్యూటీలు కూడా వద్దు. ఓపీ, టీకాలు, డిశ్చార్జ్ ఏర్పాట్లు, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ లాంటివి బాగుంటాయి. అయితే ఐసీయూలో పదేళ్లు చేసిన మనిషిని తీసుకెళ్లి ఫైళ్లు సర్దే గదిలో కూర్చోబెడితే అది శిక్షలాగే ఉంటుంది. ఆమె నైపుణ్యం ఎంతో కొంత పనికొచ్చే చోటు వెతకండి.

నిద్ర లేకపోవడం, ఆకలి, కోపం, ఒంటరితనం: మళ్లీ వాడాలన్న కోరిక పుట్టించేవి ఎక్కువగా ఈ నాలుగే అని కోలుకుంటున్నవాళ్లే చెబుతారు. నైట్ డ్యూటీలో నాలుగూ ఒకేసారి కుదురుతాయి.

5. తాళాలు, నార్కోటిక్స్, వేస్టేజ్

ఆమె దగ్గర డబుల్ లాక్ తాళాలు ఉండకూడదు, ఆటోమేటెడ్ క్యాబినెట్ ఉంటే అందులోని నార్కోటిక్స్‌కు పాస్‌వర్డ్ ఉండకూడదు. మిగిలిన మందును పారబోసేటప్పుడు సాక్షిగా కూడా ఆమెను పిలవకూడదు. ఆమె రోగికి మార్ఫిన్ అవసరమైతే ఇంకొక నర్సు తీసి, ఇచ్చి, తన పేరుతోనే కేస్ షీట్‌లో రాయాలి. ఆమె రాసి ఇంకొకరు సంతకం పెట్టే పద్ధతి వద్దు. బదులుగా ఆ నర్సు పనిలో కొంత, డ్రెస్సింగో ఐవీ లైనో, ఈమె చేయాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ముందే ఖాయం చేయకపోతే నెల తిరిగేసరికి "మా పనికి తోడు ఆమె పని కూడానా" అనే గొణుగుడు మొదలవుతుంది. ఆ గొణుగుడులో న్యాయం కూడా ఉంది.

వేస్టేజ్, అంటే మిగిలిన మందు పారబోసే విషయంలో వార్డు మొత్తానికీ పద్ధతి బిగించండి. సాక్షి సంతకం అంటే కళ్లతో చూసి పెట్టేది. "నేను పారబోశాలే, సంతకం పెట్టు" అంటే పెట్టేసే అలవాటు ఎన్ని వార్డుల్లో లేదు? దొంగతనానికి తలుపులు తెరిచేది ఆ అలవాటే. పనికిమాలిన మొహమాటం అది. 2012లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో బయటపడిన ఒక కేసులో, హెపటైటిస్ సి ఉన్న ఒక టెక్నీషియన్ రోగుల కోసం సిద్ధం చేసిన ఫెంటనిల్ సిరంజిలు దొంగిలించి వాడుకుని, అవే సిరంజిలను సెలైన్‌తో నింపి పెట్టాడు. పలువురు రోగులకు జబ్బు అంటుకుంది. అతనికి 39 ఏళ్ల జైలు పడింది. నొప్పితో ఉన్న రోగికి సెలైన్ ఎక్కడమే ఘోరం, దాంతోపాటు వైరస్ కూడా ఎక్కింది. నిండు సిరంజిని ట్రేలో వదిలి వెళ్లకూడదనే నియమం అందరికీ ఒకటే.

6. తోటివారికి ఏం చెప్పాలి

ఎంత చెప్పాలో ఆమెతో కూర్చుని నిర్ణయించండి. పర్యవేక్షించే ఇద్దరికి షరతులు పూర్తిగా తెలియాలి. మిగతావారికి "ఆమె నార్కోటిక్స్ ఇవ్వరు, తాళాలు తీసుకోరు, నైట్ చేయరు" అన్నంత వరకు తెలిస్తే పని నడుస్తుంది. ఎందుకని అడిగితే "అది ఆమె సొంత విషయం" అనండి. తనకు తానే చెప్పుకోవాలనుకుంటే చెప్పుకోనివ్వండి, కానీ మొదటి వారంలోనే వద్దని నా సలహా.

ఆమె వాడుతున్న రోజుల్లో ఎవరి వాటా మందులు మాయమై, ఎవరి మీద అనుమానం పడి బాధపడ్డారో వాళ్లు అదే వార్డులో ఉండవచ్చు. వాళ్లను విడిగా పిలిచి మాట వినండి. క్షమించమని వాళ్లను ఒత్తిడి చేసే హక్కు మనకు లేదు.

7. వారం వారం కూర్చోవడం

మొదటి మూడు నెలలు వారానికోసారి పావుగంట, ఆ తర్వాత నెలకోసారి. తలుపు వేసుకుని, ఫోన్ పక్కన పెట్టి. "ఎలా ఉన్నావు?" అంటే "బాగున్నాను మేడమ్" అనే వస్తుంది. కాబట్టి గురి చూసి అడగండి: ఈ వారం ఏ డ్యూటీ బరువనిపించింది? ఎన్ని గంటలు నిద్రపోయావు? ఎవరైనా నార్కోటిక్ పని చేయమని అడిగారా? వచ్చే వారం ఏదైనా టెన్షన్ ఉందా?

నోట్సులో కనిపించింది మాత్రమే రాయండి. 'నిర్లక్ష్యంగా ఉంది' అని రాస్తే అది మీ అభిప్రాయం. '14వ తేదీన 9 గంటల డోసు 10.40కి ఇచ్చింది, కారణం అడిగితే మరిచిపోయానంది' అని రాస్తే అది సమాచారం. బాగా చేసిన రోజుల్ని కూడా అంతే వివరంగా రాయండి. చాలా ఫైళ్లలో తప్పులే ఉంటాయి. ఆ ఫైలు చదివిన బోర్డుకు ఆమె మూడేళ్లలో సరిగ్గా ఏం చేసిందో ఎలా తెలుస్తుంది?

8. పరీక్షలు

పరీక్ష ఎప్పుడుంటుందో ముందుగా తెలియకూడదు. శాంపిల్ తీసేది మీరు కాకూడదు, మీ వార్డు వాళ్లు అసలే కాకూడదు. శాంపిల్ ఎవరి చేతుల మీదుగా ల్యాబ్‌కు చేరిందో ప్రతి దశలోనూ సంతకాలు ఉండాలి. మూత్రం ఇచ్చిన 4 నిమిషాల్లోపు దాని వేడి 32 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. క్రియాటినిన్ డెసిలీటరుకు 20 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉంటే పలచబడిన శాంపిల్‌గా అనుమానిస్తారు. అది మోసం కావచ్చు, ఎక్కువ నీళ్లు తాగడమూ కావచ్చు. మళ్లీ తీయాలి.

ల్యాబ్‌కు ఏం వెతకాలో చెప్పకపోతే పరీక్ష దండగ. మామూలు ఓపియేట్ స్క్రీనింగ్‌లో ఫెంటనిల్, ట్రమడాల్ పట్టుబడవు. ఆపరేషన్లలో మత్తుకు వాడే ప్రొపోఫాల్, కెటమిన్ కూడా విడిగా అడిగితేనే చూస్తారు. నర్సుల చేతికి అందేవి సరిగ్గా ఇవే. మద్యానికి మూత్రంలో ఈటీజీ పరీక్ష సుమారు 3 రోజుల వరకు జాడ చూపిస్తుంది, రక్తంలో పీఈటీహెచ్ పరీక్ష 2 నుంచి 4 వారాల వరకు.

పాజిటివ్ రాగానే కేకలు వేయకండి. మొదటి స్క్రీనింగ్ తప్పు చెప్పవచ్చు. మాస్ స్పెక్ట్రోమెట్రీతో నిర్ధారించాలి, వాడుతున్న మందుల జాబితాతో డాక్టరు సరిచూడాలి. గసగసాలు తిన్నా మార్ఫిన్ జాడ రావచ్చు. రోజంతా ఆల్కహాల్ హ్యాండ్ రబ్ వాడే నర్సుకు ఈటీజీ కొద్దిగా కనిపించవచ్చు. అలాంటప్పుడు పీఈటీహెచ్ పరీక్ష సందేహం తీరుస్తుంది. బుప్రెనార్ఫిన్, మెథడోన్ లాంటివి ఓపియాయిడ్ వ్యసన చికిత్సలో భాగంగా తీసుకునేవారికి శాంపిల్‌లో అవి కనిపించడం మామూలే, అవి కనిపించకపోతేనే ఆరా తీయాలి. "ఇంకా వాడుతూనే ఉందిగా" అని దీన్ని తప్పుపట్టేవాళ్లు సుగర్ ఉన్నవాళ్లను ఇన్సులిన్ మానమని చెబుతారా?

పంటి ఆపరేషనో, సిజేరియనో, విరిగిన చెయ్యో వస్తే ఆమె తన జబ్బు సంగతి సర్జన్‌కు ముందే చెప్పాలి. నాల్‌ట్రెక్సోన్ (ఓపియాయిడ్ల ప్రభావాన్ని అడ్డుకునే వ్యసన చికిత్స మందు) మీద ఉన్నవాళ్లకు ఓపియాయిడ్ నొప్పి మందులు సరిగా పనిచేయవు. ఎవరు రాశారు, ఎన్ని రోజులకు, మాత్రలు ఇంట్లో ఎవరి దగ్గర ఉంటాయి అన్నవి మానిటరింగ్‌కు తెలపాలి. ఆ రోజుల్లో సెలవు ఇచ్చేయడం మేలు.

9. అనుమానం వచ్చినప్పుడు

చూడాల్సినవి రెండు రకాలు. మనిషిలో: కునుకుపాట్లు, చిన్నవైపోయిన కనుపాపలు, మాట తడబాటు, పదే పదే బాత్‌రూమ్, ఎండాకాలంలో కూడా పొడుగు చేతులు, వాసన కప్పడానికి పుదీనా మాత్రలు. రికార్డుల్లో: డ్యూటీ లేని రోజు వార్డుకు రావడం, ఇతరుల రోగులకు మందు ఇస్తానని ముందుకు రావడం, మందు ఇచ్చినట్టు రాసినా రోగికి నొప్పి తగ్గకపోవడం. ఒక్కటి చూసి తీర్మానించకండి. సుగర్ పడిపోయినా మాట తడబడుతుంది, కాబట్టి ముందు సుగర్ చూడండి.

రోగికి ప్రమాదమని అనిపిస్తే మాత్రం ఆ నిమిషమే పని ఆపించాలి. రోగుల్ని ఇంకొకరికి అప్పగించి, ఇంకో అధికారి సమక్షంలో విడిగా కూర్చోబెట్టండి. మాట పొట్టిగా ఉండాలి: "ఈ రోజు మందులిచ్చేటప్పుడు రెండుసార్లు తడబడ్డావు, కళ్లు మూతలు పడుతున్నాయి. నీ క్షేమం గురించి నాకు భయంగా ఉంది. ఒప్పందంలో రాసుకున్నట్టు ఇప్పుడు పరీక్ష చేయించాలి." వాదనకు దిగకండి, ఒప్పుకోమని బతిమాలకండి.

బండి తాళాలు తీసుకుని, ఇంట్లోవాళ్లు వచ్చేదాకా ఆమె పక్కన ఒకరుండాలి. బాత్‌రూమ్‌కు వెళ్లినా తోడు వెళ్లాలి. పట్టుబడిన తర్వాతి కొన్ని గంటల్లో, రోజుల్లో ఆత్మహత్య ప్రమాదం పెరుగుతుంది. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే, తటపటాయించినా, ఇంటికి పంపకుండా ఎమర్జెన్సీలో చూపించండి. ఓపియాయిడ్లు కొంతకాలం మానేసినవాళ్లకు తట్టుకునే శక్తి తగ్గిపోయి ఉంటుంది, పాత డోసే ప్రాణం తీయవచ్చు. ఓపియాయిడ్ డోసు మించినప్పుడు విరుగుడుగా ఇచ్చే నాలొక్సోన్ అందుబాటులో ఉండాలి. మద్యం, బెంజోడయాజెపిన్లు (నిద్రకు, ఆందోళనకు ఇచ్చే మాత్రలు) రోజూ వాడేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, కాబట్టి వాళ్లను ఇంట్లో సొంతంగా మానమని చెప్పకండి.

10. మళ్లీ వాడిందని తేలితే

మొదటి రోజు రాసుకున్న కాగితం తీయండి. అందులో ఉన్నదే జరగాలి: పని ఆపడం, బోర్డుకో మానిటరింగ్ కార్యక్రమానికో తెలియజేయడం, డాక్టరు మళ్లీ పరీక్షించడం, చికిత్స పెంచడం. తానే వచ్చి "నిన్న రాత్రి తాగాను మేడమ్" అని చెప్పిన మనిషినీ, రోగి ఇంజెక్షన్ మార్చిన మనిషినీ ఒకే తక్కెడలో తూచకండి. మందులు దొంగిలించి ఉంటే మీ దగ్గరి చట్టం చెప్పినట్టు ఫిర్యాదు చేయాల్సిందే, దాచిపెట్టడం దయ అనిపించుకోదు. ఆ ఫిర్యాదు చేస్తూనే చికిత్సకు దారి చూపవచ్చు. రెండూ చేసిన సూపర్‌వైజర్లను చూశాను.

11. తాళాలు తిరిగి ఇవ్వడం

ఏడాది గడిచాక, పరీక్షలన్నీ సరిగ్గా ఉంటే, డాక్టరూ మానిటరింగ్ వాళ్లూ ఒప్పుకుంటే, ఒక్కో షరతు సడలించండి. అన్నీ ఒకేసారి వద్దు. మొదట ఓవర్‌టైమ్, తర్వాత నైట్ డ్యూటీ, చివరికి నార్కోటిక్స్. అవి కూడా మొదటి నెల పక్కన ఒకరు నిలబడి ఉండగా, ఆ తర్వాత మూడు నెలలు ఆమె తీసిన ప్రతి ఆంప్యూల్‌ను డాక్టరు ఆర్డరుతో, కేస్ షీట్‌తో ఫార్మసీ సరిచూస్తుండగా. ఆమె తనంతట తానే "ఇప్పుడే వద్దు మేడమ్" అంటే బలవంతపెట్టకండి. మొదట చెప్పిన నర్సు అలాగే అంది, మరో ఎనిమిది నెలలు తాళాలు వద్దంది. తీసుకున్న రోజు రిజిస్టర్‌లో సంతకం పెట్టి, ఆంప్యూళ్లు లెక్కపెట్టి, నన్ను పిలిచి మళ్లీ లెక్కపెట్టించింది. లెక్క సరిపోయింది. అయినా మూడోసారి కూడా లెక్కపెట్టింది.